కోరల మిషను

కాజాలక్క అసలు పేరు కార్ఖానా రిజిస్టర్లో ఉండే ఉంటుంది గానీ, నోరారా పలికినవాళ్ళు మాత్రం లేరు. పదకొండేళ్ళుగా ఆమె చేసే పని ఒక్కటే, చలికోట్లకి కాజాలు కుట్టడం. గుండీ దూరడానికి గుడ్డలో చీలిక పెట్టి, ఆ అంచు పీచులు లేవకుండా చుట్టూ దారంతో బిగించాలి. మిగతా కోటంతా మిషన్ల మీద తయారయ్యేది. కాజాలు మాత్రం చేత్తోనే. ఆ కంపెనీ కోటు ఖరీదైన సరుకు మరి. మెడ దగ్గర పట్టీ మీద "చేతి కుట్టు" అని నేసి మరీ అమ్ముతారు. కోటుకి ఐదు కాజాలు, మనిషికి రోజుకి పది కోట్లు.

మూడో కాజా దగ్గరికి వచ్చేసరికి దారం అయిపోతుంది. అక్కడ ముడి వేసి కొత్త దారం ఎక్కించాలి. అందరూ ఒక ముడి వేసేవాళ్ళు. ఆమె రెండు వేసి పక్కపక్కన కూర్చోబెట్టేది. ఎందుకని ఎవరైనా అడిగితే, "ఒక్కతే అయితే దానికి తోచదు కదమ్మా" అనేది. కిటికీల కింద పొడుగాటి బల్ల, దానికి అటూ ఇటూ ముప్పైమంది ఆడవాళ్ళు. వాళ్ళలో ఎవరి వేలు సూదికి బలైనా, ఎవరి కంటికి దారం ఆనకపోయినా, ముందు వచ్చేది ఆమే.

ఆమె భర్త కూడా ఆ కంపెనీలోనే పని చేసేవాడు. కాకపోతే కార్ఖానాలో కాదు, ఊరికి ఆ చివర గూడ్సు బళ్ళు ఆగే చోట ఉన్న గిడ్డంగిలో. "ఏం పని బావా అక్కడ?" అంటే "బరువులు ఎత్తడం, దించడం" అనేవాడు. మూడేళ్ళ నుంచి పొడిదగ్గు పట్టుకుంది. "దుమ్ము" అనేవాడు. అంతకు మించి ఆ గిడ్డంగి గురించి ఇంట్లో మాట వచ్చేది కాదు.

ఆ మంగళవారం పొద్దున్న సూపర్‌వైజరు చెమటలు కక్కుకుంటూ వచ్చాడు. మూడొందల కోట్లకి గుండీలు తప్పు సైజువి పడ్డాయట. సరుకు అప్పటికే గిడ్డంగికి చేరింది. "నువ్వెళ్ళి చూసి రా అక్కా. కాజా పెద్దది చేస్తే సరిపోతుందా, గుండీలే మార్చాలా, నువ్వయితే చూడగానే చెప్పేస్తావు" అన్నాడు. కంపెనీ వ్యాను ఎక్కించి పంపాడు.

కాజాలక్కకి సంబరం వేసింది. పదకొండేళ్ళలో పని వేళలో బయటి ఎండ చూడటం ఎన్నిసార్లని! దారిలో వ్యాను ఆపించి ఇంటికి పరిగెత్తి, భర్త మరిచిపోయిన అన్నం డబ్బా పట్టుకొచ్చింది. తనని అక్కడ చూసి ఆయన మొహం ఎలా పెడతాడో ఊహించుకుని వ్యానులో ఒక్కతే నవ్వుకుంది.

గిడ్డంగి గుమస్తా ఫోనులోంచి తల ఎత్తకుండా "చివరి షెడ్డు" అని చెయ్యి ఊపాడు. ఆయన చెప్పింది ఎడమ వైపు చివర. ఆమె వెళ్ళింది కుడి వైపు చివరకి.

తలుపు తెరవగానే చెవులు బద్దలయ్యే చప్పుడు. గాల్లో బూడిదరంగు నూగు మంచులా తేలుతోంది. దాని వెనక ఒక రబ్బరు పట్టా కదులుతోంది. పట్టా మీద కోట్లు. మడత నలగని కొత్త కోట్లు, మెడ పట్టీలతో సహా. ఒకదాని వెనక ఒకటి బుద్ధిగా వెళ్ళి, ఇనుప కోరలున్న రెండు రోలర్ల మధ్యకి దిగుతున్నాయి. దిగినప్పుడు ఒక్కోదాని చేతులు పైకి లేస్తున్నాయి. అవతల వైపు సంచుల్లోకి పీలికలు పడుతున్నాయి.

ఏదో పొరపాటు జరుగుతోందనే అనుకుంది మొదట. ఎవరో చూసుకోలేదు, తప్పు సరుకు మిషనెక్కింది, ఆపాలి. పరిగెత్తుకెళ్ళి పట్టా మీంచి ఒక కోటు లాగింది. అలవాటుగా వేలు లోపలి అంచు మీదికి పోయింది. మూడో కాజా. రెండు ముడులు, పక్కపక్కన.

"ఆపండి!" అని అరిచింది. తన గొంతు తనకే వినపడలేదు. మిషను దగ్గర నిలబడ్డ మనిషి చెవుల్లో దూది, ముక్కుకి గుడ్డ. కోటు తర్వాత కోటు కట్టలోంచి తీసి పట్టా మీద పెడుతున్నాడు. ఆ పెట్టే తీరు ఆమెకి తెలిసినదే. భుజాలు సర్ది, కాలరు తిన్నగా చేసి, పిల్లని పడుకోబెట్టినట్టు పెడుతున్నాడు. ఇంట్లో ఉతికిన బట్టలు మడతపెట్టేది కూడా అలాగే.

ఆయన తల తిప్పి చూశాడు. ఎర్ర బొత్తాం నొక్కాడు. చప్పుడు ఆగిపోయాక ఆ షెడ్డు ఇంకా భయంకరంగా అనిపించింది.

"నువ్వెందుకొచ్చావు?" అన్నాడు.

ఒక చేతిలో అన్నం డబ్బా, ఒక చేతిలో కోటు. ఏది ముందు కింద పెట్టాలో తెలియక ఆమె అలాగే నిలబడిపోయింది.

*

ఆ సాయంత్రం ఇంట్లో ముగ్గురూ కూర్చున్నారు. కాజాలక్క, భర్త, అత్తయ్య. అత్తయ్య ఒకప్పుడు లాండ్రీలో ఇస్త్రీ చేసిన మనిషి. డెబ్బై దాటినా నోటికి ఇస్త్రీ పెట్టెంత వేడి. కొడుకు చెప్పిందంతా విని, "కొత్తవా? తొడగనివా? మతి ఉండే చేస్తున్నార్రా?" అంది.

"అమ్ముడుపోనివన్నీ తిరిగొస్తాయి" అన్నాడు భర్త, గోడ వైపు చూస్తూ. "సీజను మారేసరికి సగం పైన వస్తాయి. తక్కువకి అమ్మితే కంపెనీ పేరు పోతుందంట. ఉంచడానికి చోటు లేదంట. అందుకని..."

"ఎన్నాళ్ళ నుంచి?"

"నేను చేరినప్పటి నుంచీ. మూడేళ్ళు."

మూడేళ్ళు. రోజూ సాయంత్రం ఆమె వేళ్ళకి ఆయనే నూనె రాసేవాడు. సూది పోట్లు చూసి "ఇంత కష్టం దేనికే, నెమ్మదిగా కుట్టు" అనేవాడు. అప్పుడల్లా ఆయనకి తెలుసు. తెలిసే రాశాడు. మిషను కోరలకంటే ఇది ఆమెని ఎక్కువ కోసింది.

"నా ముడి నీకు తెలుసు కదా బావా. ఎప్పుడూ కనపడలేదా?"

దగ్గు వచ్చింది, దగ్గాడు. "కట్ట విప్పగానే ముందు అదే చూసేవాణ్ణి" అన్నాడు. "నీవి పక్కకి తీసి పెట్టేవాణ్ణి. అన్నిటికంటే చివర్లో వేసేవాణ్ణి."

"చివర్లో వేస్తే బతుకుతాయా?"

"బతకవు. ఏదో నా పిచ్చి."

అత్తయ్య లేచి వెళ్ళి గ్లాసుతో నీళ్ళు తెచ్చి కొడుకు ముందు పెట్టింది. ఇంకో గ్లాసు తెచ్చి కోడలి ముందు పెట్టింది. ఎవరూ తాగలేదు.

*

బుధవారం కార్ఖానాలో ఊపిరి సారు వచ్చే రోజు. ఆయన బౌద్ధ భిక్షువు. గుండు, వెలిసిన కాషాయం, అరిగిన చెప్పులు. ఇదివరకు కాలేజీలో అర్థశాస్త్రం చెప్పేవారట. పనివాళ్ళకి తలనొప్పులు, తగువులు ఎక్కువయ్యాయని రెండేళ్ళ క్రితం కంపెనీ ఆయన్ని పిలిపించింది. వారానికి ఒక పావుగంట, క్యాంటీనులో అందరూ కళ్ళు మూసుకుని ఊపిరి మీద ధ్యాస పెట్టాలి. పెట్టాక మనసు తేలికయ్యేది నిజమే. సూది కూడా చురుగ్గా నడిచేది. సూపర్‌వైజరు ఆ లెక్క చూసి మురిసిపోయేవాడు.

ఆరోజు అందరూ కళ్ళు మూసుకున్నారు. కాజాలక్క మూసుకోలేదు. మూస్తే కోటు చేతులు పైకి లేస్తున్నాయి.

"ఏమ్మా, కుదరడం లేదా?" అన్నారు ఆయన మెల్లగా.

"సారూ, మీరు కట్టుకున్న గుడ్డ చిరిగిపోతే ఏం చేస్తారు?"

కొందరు కళ్ళు తెరిచారు. ఆయన నవ్వారు. "కుట్టుకుంటాను. కుట్టు నిలవనంత పాతదైతే దుప్పటి కింద అతుకు. ఆ తర్వాత నేల తుడిచే గుడ్డ. మా దగ్గర బట్ట అంత తొందరగా చావదమ్మా. ఎవరో నేశారు, ఎవరో కుట్టారు, గొర్రె ఉన్ని ఇచ్చింది, ఏరు నీళ్ళిచ్చింది. అంతమంది చేతుల్లోంచి వచ్చినదాన్ని ఊరికే పారేయడానికి మనమెవరం?"

"మరి మేం కుట్టినవి ఒక్కరోజు కూడా ఎవరూ తొడుక్కోకుండా మిషన్లో వేసి చింపేస్తున్నారు సారూ. నా కళ్ళతో చూశాను. నా మొగుడే చింపుతున్నాడు."

గిన్నెలు కడిగే ఆవిడ పంపు కట్టేయడం మరిచిపోయింది, ఆ నీళ్ళ చప్పుడు ఒక్కటే. బల్ల చివర కూర్చునే అమ్మాయి, అందరికంటే వేగంగా కుట్టే అమ్మాయి, కిసుక్కున నవ్వింది. ఆ నవ్వు ఆగలేదు. ఏడుపులోకి తిరిగింది. పక్కనున్న పెద్దావిడ మాత్రం కాజాలక్క మీద మండిపడింది. "ఎందుకు చెప్పావే ఇది మాకు? తెలియకపోతే హాయిగా కుట్టుకునేవాళ్ళం కదా! ఇప్పుడు ఈ చేతులు ఎలా ఆడతాయి?"

ఊపిరి సారు వైపు చూశారంతా. ఇంతసేపూ కుర్చీలో ఉన్న మనిషి దిగి వాళ్ళతో పాటు నేల మీద కూర్చున్నారు.

"రెండేళ్ళు" అన్నారు, తనలో తను అనుకుంటున్నట్టు. "బతుకుతెరువు అనేది ఎవరికీ హాని చేయనిదై ఉండాలని ఊరందరికీ చెప్తూ తిరిగాను. ఇక్కడికొచ్చి నేను చేసింది మిషనుకి నూనె వేయడమా! మీ మనసు కుదుటపడితే మీరు ఇంకా ఎక్కువ కుడతారు. ఎక్కువ కుడితే ఎక్కువ చింపుతారు. ఏం తయారవుతోంది, ఎవరికి కావాలి అని ఒక్కసారి కూడా అడగలేదు నేను. అర్థశాస్త్రం చెప్పిన బుర్రే ఇది."

ఆయన రెండు చేతులూ జోడించి ముప్పైమందికీ నమస్కరించారు.

*

సమ్మె ఎవరూ చేయలేదు. అలాంటి మాటే రాలేదు. మర్నాడు అందరూ వేళకే వచ్చారు, బల్ల ముందు కూర్చున్నారు, సూదిలో దారం ఎక్కించారు. చేతులు మాత్రం ఆడలేదు. ఎప్పుడూ తప్పు పోనివాళ్ళకి చీలిక వంకరపోయింది. సూదులు విరిగాయి. పది కోట్లు చేసే చోట ఐదు వస్తే గొప్ప. సూపర్‌వైజరు అరిచాడు, బతిమాలాడు, మిఠాయి పంచాడు. వారం గడిచినా అంతే. కావాలని చేస్తున్నది కాదని ఆయనకీ తెలుస్తూనే ఉంది, అందుకే ఇంకా హడలిపోయాడు. అటు గిడ్డంగిలో కాజాలక్క భర్త ఎర్ర బొత్తాం నొక్కి, తాళంచెవి గుమస్తా బల్ల మీద పెట్టి, "ఇంకెవరి చేతనైనా చేయించుకోండి" అని వచ్చేశాడు. తాళంచెవి తీసుకోవడానికి ఇంకెవరూ ముందుకు రాలేదు.

రెండో వారం యజమాని కబురు పెట్టాడు. కాజాలక్క ఒక్కతే రానంది. ఊపిరి సారు తోడు వెళ్ళారు.

యజమాని కోపిష్టి అనుకుంది. కాదు. కుర్చీ చూపించాడు, టీ తెప్పించాడు, కళ్ళజోడు తుడుచుకుంటూ మర్యాదగా అడిగాడు. "అక్కా, నీకు నెలనెలా జీతం అందిందా లేదా?"

"అందిందండి."

"ఒక్క నెలైనా ఆలస్యమైందా?"

"లేదండి."

"మరి కోటు కార్ఖానా దాటాక ఏమైతే నీకేం?"

ఆయన వెటకారంగా అనలేదు, నిజంగానే తెలియక అడుగుతున్నాడు. అదే ఆమెని దిమ్మెరపోయేలా చేసింది.

"గుడ్డ వేలల్లో కొంటే చవక, వందల్లో కొంటే ప్రియం" అని ఆయన ఓపిగ్గా వివరించాడు. "మిషన్లు ఆపితే నష్టం. అందుకని ఎక్కువ చేస్తాం. మిగిలింది చవగ్గా వదిలితే రేపు అసలు ధరకి ఎవడూ కొనడు."

"అంటే తక్కువ కుడితే నష్టం, ఎక్కువ కుట్టి చింపేస్తే లాభమా అండీ?"

"లెక్క ప్రకారం అంతే."

"ఆ లెక్కలో ఏం రాశారు, ఏం వదిలేశారు?" అన్నారు ఊపిరి సారు. "ఉన్ని రాశారు. గొర్రె మేసిన నేల వదిలేశారు. రంగు రాశారు. రంగు కలిసిన ఏరు వదిలేశారు. ఈవిడ జీతం రాశారు, ఈవిడ కళ్ళు వదిలేశారు. వాళ్ళాయన దగ్గు వదిలేశారు."

"వాటికి నాకు బిల్లు రాదు కదండీ."

"వస్తుంది బాబూ. మీ చిరునామాకి రాదు, అంతే."

యజమాని టీ చల్లారిపోయింది. కాజాలక్కకి అప్పుడు దొరికింది తన మాట. "నాకేం అన్నారు కదండీ. నేను జీతానికే వచ్చాను, కాదనను. కానీ కుట్టేటప్పుడు జీతం గుర్తుండదండి. ఈ కోటు ఎవరో ఒకరు వేసుకుంటారు, గాలి వేస్తే గుండీ పెట్టుకుంటారు, ఊడకూడదు. అదే గుర్తుంటుంది. ఆ మనిషి లేడని తెలిశాక సూది ఎటు పోవాలో నాకు తెలియడం లేదు. నన్ను మాన్పించినా పర్వాలేదు. ఉన్నమాట చెప్పాను."

ఆయన ఆమెని మాన్పించలేదు. దాంతో ఆయనకి జ్ఞానోదయం అయిందనుకుంటే పొరపాటు. ఆయన్ని ఆపింది వేరే. నెల తిరిగేసరికి దుకాణాల నుంచి అమ్మకాల కాగితాలు వచ్చాయి. సగం సరుకే వెళ్ళింది, అయినా ఏ దుకాణంలోనూ కోటు లేదని ఎవరూ వెనక్కి పోలేదు. అమ్మినది ఎప్పుడూ అమ్మినంతే. సూపర్‌వైజరు చెప్పాడు, ఆ కాగితాలు పట్టుకుని యజమాని అరగంట సేపు గుడ్లప్పగించి చూస్తూ కూర్చున్నాడట. ఇన్నేళ్ళూ ఒక కార్ఖానా నడుపుతున్నాననుకున్నాడు, అందులో సగం కోరల మిషనుకి మేత వేయడమేనని ఆరోజే తెలిసింది.

ఆ తర్వాత జరిగిందంతా మంచే అని చెప్పడానికి లేదు. సగం కోట్లు చాలంటే సగం చేతులు చాలు కదా! ఆ మాట బల్ల దగ్గర మొదట అన్నది ఆ మండిపడ్డ పెద్దావిడే. ఇంత దూరం కాజాలక్క ఆలోచించలేదు. పరిగెత్తి ఊపిరి సారుని అడిగింది.

"దీనికి నా దగ్గర జవాబు లేదమ్మా" అన్నారాయన. "జవాబు ఉన్నట్టు మాట్లాడితే అది ఇంకో అబద్ధం. అందరం కూర్చుని వెతుక్కోవలసిందే."

కూర్చున్నారు. పదిహేను రోజులు, పని అయ్యాక క్యాంటీనులో, కళ్ళు తెరుచుకునే. చివరికి పని గంటలు తగ్గాయి, జీతమూ కొంత తగ్గింది. పాడైన కోట్లు తెచ్చిస్తే బాగుచేసి ఇచ్చే గది ఒకటి తెరిచారు. అందులో చిరిగిన చోట కుట్లు విప్పి సరిచేసే పని కాజాలక్క భర్తకి ఇచ్చారు. గిడ్డంగిలో మిగిలిన కోట్లకి మెడ పట్టీలు కత్తిరించి, ఊళ్ళో ఆరుబయట పని చేసేవాళ్ళకి ఊరికే ఇచ్చేయడానికి యజమాని ఒప్పుకున్నాడు. ఇంత చేసినా ఆరుగురికి చోటు చాలలేదు. వాళ్ళు వేరే పనులు చూసుకుని వెళ్ళిపోయారు. ఆ నవ్వి ఏడ్చిన అమ్మాయి వాళ్ళలో ఒకతి. ఇప్పటికీ బజారులో ఎదురైతే కాజాలక్కతో మాట్లాడదు. కాజాలక్క ఆగి నిలబడుతుంది. ఆ పిల్ల దాటి పోతుంది.

చలి ముదిరిన ఒక పొద్దున్న కాజాలక్క బస్సు కోసం నిలబడి ఉంది. రోడ్డు ఊడ్చే ఆవిడ చీపురు గోడకి ఆనించి, బెంచీ మీద కూర్చుంది. ఒంటి మీద బూడిదరంగు కోటు. మెడ దగ్గర పట్టీ కత్తిరించిన గుర్తు.

పదకొండేళ్ళలో, వేల కోట్లకి కాజాలు కుట్టాక, తమ బల్ల మీది కోటు ఒక మనిషి ఒంటి మీద చూడటం కాజాలక్కకి అదే మొదటిసారి. కొనగలిగినవాళ్ళు తిరిగే వీధుల్లో ఆమెకి పనేముంది గనక! అసలు ఎప్పుడూ చూడలేదన్న సంగతి కూడా ఇప్పుడే తట్టింది.

బల్ల మీద పరిచినప్పుడు చదునుగా ఉండేది, ఆ కోటు. ఇక్కడ దానికి వీపు ఉంది, మోచేతులు ఉన్నాయి, ఊపిరికి ఎగసిపడుతోంది. ఆవిడ చలికి చేతులు జేబుల్లో పెట్టుకోబోయింది. జేబులు అందలేదు. మరీ పైన ఉన్నాయి. మోచేతులు రెక్కల్లా పక్కకి పెట్టి, వేళ్ళు మాత్రమే లోపలికి దూర్చుకుని ముడుచుకుని కూర్చుంది.

ఇన్నేళ్ళూ ఎవరికీ కనపడని సంగతి. తొడుక్కున్న మనిషిని చూడందే ఎలా కనపడుతుంది?

"అమ్మా" అంది కాజాలక్క, దగ్గరికి వెళ్ళి. "ఒక్కసారి లేచి నిలబడతారా? ఆ జేబులు ఎంత కిందికి దించాలో చూస్తాను."

ఆవిడ ఎగాదిగా చూసింది. "ఎవరమ్మా నువ్వు?"

కాజాలక్క చెప్పడం మొదలుపెట్టేలోపు బస్సు వచ్చింది. ఆగింది. వెళ్ళిపోయింది.